గాబరా ఎంతసేపుంటది

రాయమల్లు సారుకు ఈ లోకంలో ఏది కనిపించినా ఒక్కటే యావ. అది ఎంతసేపుంటుంది? మంచిదా చెడ్డదా, లాభమా నష్టమా అన్నది తర్వాతి సంగతి. మంత్రిగారి వాగ్దానం కానీ, ప్రిన్సిపాల్ గారి కోపం కానీ, హోటల్లో మిర్చి బజ్జీ కరకర కానీ, జేబులోంచి దారం కట్టిన స్టాప్‌వాచ్ బయటికి రావలసిందే, టిక్కుమనవలసిందే. ఆ వేడి చల్లారాక ఇంకో టిక్కు. రెండు టిక్కుల నడుమ ఉన్నదే అసలు సంగతి, మిగతాదంతా ఉపన్యాసం అనేవారు.

ఉపన్యాసం అన్నప్పుడు నా దిక్కు చూసేవారు. అప్పట్లో నేను కరీంనగర్‌లో ఆయన పనిచేసే కాలేజీలోనే తెలుగు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు రైతుకూలీల సభల్లో మాట్లాడేవాణ్ణి. ఒకసారి ఊరి నడుమ గడియార స్తంభం దగ్గర సభ జరిగింది. గొంతు పోయేదాకా మాట్లాడి దిగి, "ఎట్లుంది సారూ?" అని అడిగాను.

"మస్తుంది. నలుగురి కండ్లు ఎర్రగైనయి. వాళ్ల ఎనుకనే పోయిన. హోటల్ దాకా ఎర్రగనే ఉండె. చాయ్ రాంగనే సగమైంది. మిర్చి రాంగనే అంతా సాఫ్."

"అంటే నా మాటలన్నీ గాలికి పోయినట్టేనా?"

"ఎందుకు పోతయి పంతులూ? మిర్చి దొరకని కాడ మాట్లాడు."

ఇంట్లో మాత్రం ఆయన విద్య సాగేది కాదు. భార్య కమలవ్వకు కోపమొచ్చి గిన్నె నేలకేసి కొడితే సారు టిక్కుమనిపించేవారు. ఆ టిక్కు చెవిన పడగానే ఆమెకు ఇంకో కొత్త కోపం పుట్టేది. దానికి ఇంకో టిక్కు. అట్లా ఒక ఆదివారం పొద్దున మొదలైన కోపం మంగళవారం నాటికి సారును వీధి అరుగు మీదికి చేర్చింది. కోపం లోపల, సారు అరుగు మీద. "కొలిచేటోని చెయ్యి తగిలితే సరుకు పాడైతది పంతులూ. ఇంట్ల ప్రయోగం ఎన్నడూ పెట్టుకోకు" అని చెప్పారు.

ఇంతకూ ఇది ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. చదువుతో వచ్చింది. సారుది మగ్గం నేసే కుటుంబం. హైదరాబాదులో ఫిజిక్స్ చదివి, కలకత్తాలో కొన్నేళ్లు అణుకేంద్రకాల మీద పరిశోధన చేసి, చక్కగా అక్కడే ఉండిపోకుండా కరీంనగర్ వచ్చేశారు. ఎందుకొచ్చారంటే, "ఆడ ఆయుష్షులు కొలిచేటోళ్లు శానామంది. ఈడ ఒక్కడు లేడు" అనేవారు.

ఎవరి ఆయుష్షు? స్టాఫ్ రూములో నేను అడిగిన పాపానికి సారు చాయ్ కప్పు పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టారు.

"అణువు నడుమ కేంద్రకమని ఒక ఇల్లుంటది. ఆ ఇంట్ల ప్రోటాన్లు పనిజేసేటోళ్లు. న్యూట్రాన్లు చుట్టాలు. చుట్టాలుంటేనే ఇల్లు నిలుస్తది, కాదనలేం. కానీ ఊకనే కూసుండే చుట్టాలు ఎక్కువైనరనుకో, ఇల్లాగది. ఆఖరికి ఒక చుట్టం లేచి, నేను గూడ పనిజేస్త అంటడు. ఆయన లేచినప్పుడు తలుపు ధన్‌మంటది. అది మొదటి గంట. చుట్టం పనికి లేస్తే ఇల్లు ఊకుంటదా? అంతా గాబరా. ఆ గాబరా సద్దుమణిగినప్పుడు మెరుపు మెరుస్తది. అది రెండో గంట. రెండు గంటల నడుమ గాబరా ఆయుష్షు. గదే నేను కొలిచేది."

"ఎంతసేపుంటుంది?"

"సెకనును పది లక్షల ముక్కలు జెయ్యి. అండ్లకెల్లి గుప్పెడు ముక్కలు తియ్యి. గంతే."

"అంత చిన్న గాబరా కోసం ఇన్నేళ్లు చదివారా?"

"నీ సభల కోపం కంటె నయం. ఎన్నిమాట్ల కొలిచినా ఒక్కతీరుగుంటది."

అయితే ఒక్క ఇంటి గాబరా ఎప్పుడు చల్లారుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరట. లక్ష ఇళ్లను చూస్తే, అందులో సగం ఎప్పటికి చల్లారతాయో చెప్పవచ్చునట. "ఒక్కదాని గడియ చెప్తనన్నోడు దొంగ. నువ్వు ఎక్కడన్న చూస్తే పట్టుకొని నాకు చూపెట్టు" అన్నారు.

కాలేజీ వెనక, సైకిల్ స్టాండు పక్కనున్న చిన్న గది సారు ప్రయోగశాల. అందులో వెలుతురు సోకకుండా నల్లగుడ్డ చుట్టిన రెండు గొట్టాలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి మొదటి గంట వినడానికి, రెండోది రెండో గంట వినడానికి. మిలిటరీ వాళ్లు అమ్మేసిన రేడియో సామాన్లతో సారు వాటికి లెక్కపెట్టే పెట్టె ఒకటి కట్టారు. అటెండరు అహరోను మిషన్ కాంపౌండులో పెరిగిన మనిషి, మాటకారి. ఆ గొట్టాలను చూసి, "రెండు పీనుగులను మాట్లాడుకోమని పండవెట్టినట్టున్నది సారూ" అన్నాడు.

వాటి నడుమ పెట్టడానికి హాఫ్నియం అనే లోహం పొడి చిటికెడు కావాలి. దాన్ని బొంబాయిలో రియాక్టరులో పెట్టి, న్యూట్రాన్లు మేపి పంపాలి. అది నిలవ ఉండే సరుకు కాదు. నెలన్నర తిరిగేసరికి బలం సగమైపోతుంది. మూడేళ్లు రాయగా రాయగా, అరవై మూడులో సరిగ్గా మిరుగం, అదే మృగశిర కార్తెకు సీసం డబ్బాలో వచ్చింది. గొట్టాల నడుమ పెట్టగానే పెట్టె పేలాలు వేగినట్టు మోగింది. నేను సంబరపడ్డాను. సారు మొహం మాడిపోయింది.

"మనం అడిగినదానికంటె బలమైంది పంపిండ్రు. ఒక ఇంటి మొదటి గంట, ఇంకో ఇంటి రెండో గంట కలిసిపోతున్నయి. దొంగజోడీలు. వీటినడుమ నిజం జోడీని ఏరాలె."

ఆ ఏరే పని మొదలుపెట్టేలోగా బోర్డు వచ్చి పడింది.

గదులన్నింటికీ తెలుగు బోర్డులు పెట్టాలని ప్రిన్సిపాల్ గారి హుకుం. సారు గదికి నేనొక పేరు రాసిచ్చాను: ఉత్తేజిత కేంద్రక స్థితుల ఆయుఃపరిమాణ మాపన ప్రయోగశాల. పెయింటరు దాన్ని రెండుసార్లు చదివి, చెక్క వంక చూసి, నా వంక చూసి, మాట్లాడకుండా "ఆయుష్షు కొలుచు గది" అని రాసి పోయాడు.

ఇంకేముంది. వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చి పోయే బస్సులన్నీ కరీంనగర్ మీదుగానే. వారం తిరగకముందే ఒక ముసలమ్మ గది ముందు కూర్చుంది.

"మా ముసలోని ఆయుష్షు జర చూడుండ్రి సారూ."

"ముసలాయనేడి?" అన్నాడు అహరోను.

"నడువలేడు బిడ్డా. ఆయన అంగీ తెచ్చిన."

సారు బయటికి వచ్చి అంగీని అటూ ఇటూ తిప్పి చూశారు. "అవ్వా, అంగీ ఇంకో రెండేండ్లుంటది. మనిషి సంగతి నాకు తెల్వది. దవాఖానకు తీసుకపో" అన్నారు. ఆమె అంగీ మాట ఒక్కటే విని సంతోషంగా పోయింది. ఆనాటి నుంచి ఆయన జిల్లాకంతా ఆయుష్షు సారు. బోర్డు తీయించమని నేనంటే, "ఉండనీ. కాలేజీ తొవ్వ తొక్కనోళ్లు గూడ వస్తుండ్రు" అనేవారు.

అట్లా వచ్చింది బాలవ్వ. హుస్నాబాద్ అవతల పల్లె. వానలో తడిసి ముద్దయి గది ముందు నిలబడి, "బాంచన్ సారూ" అంది.

"బాంచన్ అనొద్దమ్మా, ఎవరికీ ఎవరూ బానిసలు కారు" అని నేనందుకున్నాను.

సారు టిక్కుమనిపించారు. "పోలీసు చర్య అయ్యి పదిహేనేండ్లాయె. ఈ మాటకు సగమాయుష్షు గూడ రాలే చూడు పంతులూ. కూసో అవ్వా. ఏమైంది?"

"మా ఇంటాయన పేరు మొండయ్య. దసరా దాటడట. పంచాంగం పట్టుకొని తిరిగేటాయన వచ్చి చెప్పి పోయిండు. గప్పటిసంది మంచమెక్కిండు. దున్నడు, ఇత్తనం పెట్టడు. పోయేటోణ్ని గద, ఆఖరి కోరికని దినాం కోడికూర వండుమంటడు. మా ఇంట్ల సావు ముందుగాల కోళ్లకొచ్చింది సారూ."

నవ్వబోయాను కానీ ఆమె ముఖం నవ్వనివ్వలేదు. సంగతి పెద్దదే. మొండయ్య దున్నేది దొర మెట్ట చెలక. దొరదే అయినా, కౌలు చట్టంలో మొండయ్య రక్షిత కౌలుదారు. దున్నుకున్నంత కాలం దొర కదిలించలేడు. ఈ ఏడు దున్నక పడావు పడితే, పట్వారి పంట చూడ్డానికి వచ్చి పహాణి లెక్కలో బీడు అని రాస్తే, ఇక దొరకు తలుపు తెరిచినట్టే. ఆరుద్ర కార్తె సగమైంది. ఇంకొన్ని దినాలు గడిస్తే విత్తనం వేసినా మొలవదు. మూఢనమ్మకాల మీద, భూస్వాముల మీద నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను. బాలవ్వ ఓపికగా విని అహరోనును అడిగింది: "గీ సారు శానా మాట్లాడుతుండు గని, ఆయుష్షు సారు ఈయనేనా?"

"కాదు. మాట్లాడనాయన."

ఆమె సారు వైపు తిరిగింది. "జోస్యం అబద్ధమని నాకెర్కనే. పోయినేడు పక్కూరి కొమురెల్లికి గిట్లనే చెప్పిండు గాయన. భూమి ఇడిసిపెట్టిండు. ఇప్పుడు ఈడనే రిక్షా తొక్కుతుండంటరు."

"సచ్చిపోతడన్నోడు రిక్షా ఎట్ల తొక్కుతుండు?" అన్నాను.

"గదే మా ఆయనకు సమజ్ గాదు. నా మాటినడు. పెద్ద చదువు చదివినోళ్లు చెప్తే ఇంటడని వచ్చిన."

మాపటికి కొమురెల్లి దొరికాడు, బస్టాండు ముందు, బతికే. "జోస్యుడు చెప్పిన గడువు దాటింది గద, ఎట్లున్నవు?" అని సారు అడిగితే, "ఏం చెప్పాలె సారూ. సచ్చిపోతనని భూమి పాయె. సావలేదని కడుపు అడుగవట్టె" అన్నాడు.

సారు రెండు వారాలు సెలవు పెట్టారు. నేను అడ్డుపడ్డాను. "సారూ, మూడేళ్లు ఎదురుచూసిన సరుకు. రోజురోజుకూ చల్లారిపోతుంది కదా."

"సల్లారనీ. దొంగజోడీలు తగ్గుతయి."

"మరీ చల్లారితే?"

"మరీ సల్లారితే మొండయ్య ఇత్తనమన్న మొలుస్తది" అని గొడుగు అందుకున్నారు. ఆయన వెనక నేను, నా వెనక, అద్దె రిక్షాను యజమానికి అప్పజెప్పి వచ్చిన కొమురెల్లి. హుస్నాబాద్ దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎడ్లబండి.

చావబోయే మనిషి ఎట్లుంటాడో నాకు ఒక ఊహ ఉండేది. మొండయ్య నున్నగా గీయించుకుని, తెల్లధోతి కట్టుకుని, మంచం మీద కాళ్లు చాపుకుని కోడి తొడ కొరుకుతున్నాడు. ఊరివాళ్లు వచ్చి చూసి పోతున్నారు. మమ్మల్ని చూసి, "జర ముందుగాల రావద్దా సారూ, కూర అయిపోయింది" అన్నాడు.

సారు మంచం పక్కన పీట వేసుకున్నారు. "నీకు మొండయ్య అని పేరెవరు పెట్టిండ్రు?"

"మా అవ్వ. ముందుగాల పుట్టినోళ్లు ఇద్దరు పోయిండ్రట. వీడన్న మొండిగ నిలువాలెనని."

"మరి మీ అవ్వ మాట పెద్దదా, తొవ్వల పోయేటోని మాట పెద్దదా?"

మొండయ్య ఆలోచించాడు. "అవ్వ మాటే పెద్దది. కానీ అవ్వ పంచాంగం చూడలే సారూ."

సారు కొమురెల్లిని ముందుకు తోశారు. "పోయినేడు పోవాల్సినోడు. చూడు, ముట్టుకొని చూడు."

మొండయ్య నిజంగానే వాడి చెయ్యి నొక్కి చూశాడు. తర్వాత ధోతి సర్దుకుని లేచి కూర్చున్నాడు. కోపం వచ్చింది కానీ, కాళ్లు నేలకు ఆనించి మళ్లీ మంచం మీదికి లాక్కున్నాడు. "దొంగ జోస్యమే అయ్యుంటది. కానీ ఒకవేళ నిజమైతే? నాగలి పట్టుకొని సాళ్ల నడుమ పడిపోతే? నువ్వే కొలిచి చెప్పు సారూ, నాకెంతున్నదో."

"లక్షల చావులు చూసిన. ఏ ఒక్కటి ఎప్పుడు పోతదో ముందుగాల చెప్పలేకపోయిన. నీది ఎట్ల చెప్త? నీ గాబరా ఎంతసేపుంటదో అది కొలుస్త. ఒప్పుకుంటవా?"

"గదన్న కొలువు."

"అట్లయితే లే. కొలతకు పెట్టినది ఎప్పటి తీరుగనే ఉండాలె. పండుకున్నోణ్ని కొలిస్తే మంచం లెక్క వస్తది. గీ కార్తెల నువ్వేంజేస్తవు?"

"దున్నుత."

"దున్ను మరి."

"పడిపోతే?"

"ఎనుక నేనుంట. మొదటి గంట ఇన్నంక రెండో గంట దాకా కదలొద్దనేది మా పనిల కాయిదా."

ఆ మరుసటి రోజు నేను చూసిన దృశ్యం ఏ సభలోనూ చూడలేదు. ముందు ఎడ్లు. వాటి వెనక నాగలి. నాగలి వెనక, తెల్లధోతి విప్పి గోచి పెట్టుకున్న మొండయ్య. ఆయన వెనక మోకాళ్లదాకా పాంటు మడుచుకుని, ఒక చేత గొడుగు, ఇంకో చేత స్టాప్‌వాచ్ పట్టుకుని మా ఫిజిక్స్ సారు. సాలు చివర టిక్కు, మళ్లీ సాలు మొదట టిక్కు. రెండో నాటికి ఎడ్లు మొండయ్య అదిలింపు మానేసి టిక్కు వినగానే తిరగడం నేర్చుకున్నాయి.

"ఎట్లుంది సారూ?" అని మొండయ్య వెనక్కి తిరక్కుండా అడిగేవాడు.

"నడుస్తుంది."

"నేనా, గడియారమా?"

"రెండూ. నువ్వు ముందట చూసి నడువు."

సారు బురదలో ఎన్నిసార్లు పడ్డారో చెప్పలేను కానీ, పడినప్పుడల్లా మొండయ్య నాగలి ఆపి, వచ్చి లేపి, "సారు నాకంటె ముందుగాల పోయేటట్టున్నడు" అని బాలవ్వతో అనడం విన్నాను. ఆ మాట అన్నరోజు సాయంత్రం అతను కోడికూర అడగలేదు.

దుక్కి అయిపోయి గొర్రుతో జొన్న విత్తుతుండగా భూమన్న వచ్చాడు. దొర పనులన్నీ చూసే మనిషి. గట్టు మీద నిలబడి బీడీ ముట్టించాడు.

"ఏం సారూ, కాలేజీల పిలగాండ్లు సాలలేరా, ఎడ్లకు గూడ పాఠాలు చెప్తుండ్రు?"

"ఎడ్లు ఇంటయి భూమన్నా. నిన్నొక ముచ్చట అడుగుత. ఆ జోస్యుడు మీ దొర గడి అరుగు మీద బువ్వ తిన్నడట, ఎప్పుడు?"

"నాకేమెర్క?"

విత్తనం వేస్తున్న బాలవ్వ తల ఎత్తకుండానే అంది: "మిరుగంల సోమారం పొద్దుగాల. పేడకు పోయినప్పుడు చూసిన."

"మొండయ్యకు సావు చెప్పింది?"

"గా సోమారమే. పగటీలి."

"కౌలు ఇడిసిపెడుతున్ననని వేలిముద్ర ఎయ్యిమని భూమన్న మీ ఇంటికొచ్చింది?"

"గా మాపటికే. నేను మసిచెయ్యి చూపెట్టి వంట అయినంక రమ్మన్న."

"వరుసగ మూడు గంటలు" అన్నారు సారు. "ఒక్కతావుల మోగితే దొంగజోడి అనుకుందును. కొమురెల్లీ, మీ ఊర్లెట్ల?"

"గంతే సారూ. మా చెలక గూడ గీ దొరదే. పొద్దుగాల గడిల బువ్వ, పగటీలి సావు, మాపటికి వేలిముద్ర."

"రెండూర్లు, ఒక్కటే వరుస. ఇందుల దొంగజోడి లేదు. గంటలు మోగేది ఒక్క ఇంట్లనే."

చుట్టుపక్కల చెలకల్లో గొర్రులన్నీ ఆగిపోయాయి. భూమన్న బీడీ కింద పడేసి, "ఏందయ్యా, ఎవలతోటి మాట్లాడుతున్నవో ఎర్కనేనా?" అని ఒక్క అడుగు ముందుకు వేశాడు. సారు కదల్లేదు. స్టాప్‌వాచ్ ఎత్తి టిక్కుమనిపించారు.

"ఏంది గది?"

"నీది గూడ కొలుస్తున్న. నువ్వు కానియ్యి."

తిట్టడం మొదలుపెట్టిన మనిషికి ఎదుటివాడు గడియారం పట్టుకుని నిలబడితే ఎట్లుంటుందో ఒకసారి అనుభవిస్తే తెలుస్తుంది. భూమన్న ఒక తిట్టు తిట్టాడు, గడియారం చూశాడు. రెండోది సగం తిట్టాడు, మళ్లీ గడియారం చూశాడు. ముందుగా నవ్వింది మొండయ్య. చావబోయేవాడే నవ్వినాక తక్కినవాళ్లకు అడ్డమేముంది. గట్లన్నీ నవ్వాయి. భూమన్న వచ్చిన దారిన పోయాడు. "వాని కోపం ఆ చింతచెట్టు దాకా గూడ నిలువలే" అని సారు నిరాశగా గడియారం జేబులో వేసుకున్నారు.

నేను ఊరుకోలేదు. కొమురెల్లి భూమి తిరిగి ఇప్పించాలని తహసీలు ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఆ అర్జీ నేటికీ అక్కడ క్షేమంగా ఉంది. సారు లెక్కలో అది ఎన్నటికీ తరగని కేంద్రకం. కొమురెల్లి మాత్రం దాన్ని నమ్ముకోకుండా రిక్షా వదిలి మొండయ్యతో పొత్తు కలిశాడు. శ్రావణంలో పట్వారి వచ్చేసరికి జొన్న మోకాలెత్తు నిలబడి ఉంది. దాన్ని బీడు అని రాయడానికి ఎంత ధైర్యమున్న పట్వారికైనా చెయ్యి రాదు.

ఆ తర్వాత కూడా సారు శనివారం శనివారం పల్లెకు పోతూనే ఉన్నారు. కాలేజీ గదిలో హాఫ్నియం తన మానాన తాను చల్లారుతూ ఉంది. భాద్రపదంలో ఒకరోజు అహరోను పరుగున వచ్చి పిలిస్తే పోయి చూశాను. పేలాల మోత లేదు. పెట్టె ఆగి ఆగి, తీరిగ్గా, జోడీ జోడీగా మోగుతోంది. కాగితం మీద చుక్కలు చక్కగా కిందికి దిగుతూ ఒక వంపు కట్టాయి. దూరదేశాల పెద్ద ప్రయోగశాలల్లో వచ్చిన లెక్కకు మా సైకిల్ స్టాండు లెక్క అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

"బలం తగ్గినంకనే నిజం మాట్లాడింది" అన్నారు సారు. ఆనాడు మా ఇద్దరికీ మిర్చి ఆయనే ఇప్పించారు.

దసరా నాడు పొద్దున్నే మేమిద్దరం మొండయ్య ఇంటి ముందున్నాం. ఎంత నవ్వినా, గడువు గడువే. పొద్దు పొడిచింది మొదలు మొండయ్య వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. సారు పక్కన పీట మీద, చేతిలో స్టాప్‌వాచ్. దారిన పోయేవాళ్లు ఆగి, "ఇంకున్నవా మొండన్నా?" అని పలకరిస్తున్నారు. మొదట్లో "ఆఁ ఉన్న" అని భయంగా అన్నాడు. పగటికి విసుక్కున్నాడు. మాపటికి, "ఉంటే మీకేం బాధరా, మీ ఇంట్ల తింటున్ననా?" అని కొట్టడానికి లేచాడు. ఊరంతా జమ్మి తేవడానికి కదిలింది. పాలపిట్ట కనిపించింది. పొద్దు గుంకింది. మొండయ్య తన ఒళ్లు తానే తడిమి చూసుకుని, జమ్మి ఆకు తెచ్చి సారు చేతిలో పెట్టి, కాళ్లకు మొక్కబోతే సారు పీట వదిలి దూరంగా జరిగారు.

"ఎంతొచ్చింది సారూ లెక్క?" అన్నాడు.

"వచ్చే ఏడు చెప్త" అన్నారు సారు. మొండయ్య ఆ మాటకే పొంగిపోయి అన్నం తినడానికి లోపలికి పోయాడు.

నాకు ఎన్నాళ్లుగానో ఉన్న అనుమానం అప్పుడు అడిగాను. హాఫ్నియం లెక్కలు ప్రతి ఒక్కటీ కాగితం మీద రాసే మనిషి, మనుషుల గాబరాలు కొలిచినవి ఒక్కటీ రాయగా నేను చూడలేదు. అహరోను పెండ్లాం సంతోషమ్మ కాన్పు కష్టమైతే దవాఖాన బయట పొద్దంతా వాడి పక్కన గడియారం పట్టుకుని కూర్చున్నారు. ఆ లెక్కా లేదు. పరీక్ష తప్పి రైలు పట్టాల దిక్కు నడిచిన పిల్లగాడి వెనక టిక్కుమనిపిస్తూ పెద్దపల్లి దాకా పోయారు. ఆ లెక్కా లేదు.

"ఇవన్నీ ఎక్కడ రాస్తరు సారూ?"

"రాయను. మనుషులయి ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. లెక్కకు పనికిరావు."

"మరి కొలుచుడెందుకు?"

సారు ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశారు. "ఊకనే పోయి పక్కపొంటి కూసుంటే మందికి షరం, సిగ్గు అనిపిస్తది పంతులూ. ఎందుకు కూసున్నవని అడుగుతరు. గడియారం పట్టుకొని కూసుంటే పని మీదున్నడనుకుంటరు. పొమ్మనరు."

ఇంతలో బాలవ్వ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మొండయ్య ఖాళీ చేసిన మంచం మీద కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆమె అట్లా తీరుబడిగా కూర్చోగా నేను చూడలేదు.

"సారూ, నాది గూడ జర కొలువు."

"నీకేం గాబరా అవ్వా?"

"ఏం లేదు. ఊకనే."

సారు నా వంక చూడకుండా పీట దగ్గరికి జరుపుకుని, టిక్కుమనిపించారు. బాలవ్వ కాళ్లు చాపుకుని, తన పెండ్లినాటి సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. లోపలి నుంచి మొండయ్య నోటినిండా అన్నంతో కేక వేశాడు.

"సారూ, జర చూసుకో. దాని ముచ్చట ఒడువాల్నంటే మనిద్దరి ఆయుష్షు కలిపినా సాలది."